అభిప్రాయపు పెట్టెలో తెలుగు వత్తులు

పూర్వము పాఠశాల పత్రికను చదివిన పెద్దలు తమ అభిప్రాయమును ఒక కార్డుమీద వ్రాసి సంపాదకునకు పంపుచుండిరి. ఇప్పుడు అనేక పాఠశాలల పత్రికలు కాగితముమీదనే గాక అంతర్జాలపు పుటలమీద గూడ వెలువడుచున్నవి. వ్యాసము ముగిసిన చోట ఒక పెట్టె కనబడును. చదువరి తన పేరును, తాను చెప్పదలచిన మాటను అందులో వ్రాసి మీట నొక్కినచో, అది కొంతసేపటికి అదే పుటమీద అందరికిని కనబడును. ఈ పెట్టెను సాధారణముగ పాఠశాలవారు తయారు చేయరు. ఎక్కడనో మరియొకరు చేసి యుంచినదానిని నాలుగైదు పంక్తుల సంకేతముతో తమ పుటలో పొదుగుకొందురు. దీనికి విడ్జెట్టు అని పేరు. 2007వ సంవత్సరమున పుట్టిన డిస్కస్, తరువాత వచ్చిన ఇస్సో, గిస్కస్ మున్నగునవి ఈ జాతిలోనివే.

ఇట్టి పెట్టెను తెచ్చి పెట్టుకొనిన విద్యార్థులు మొట్టమొదట అడుగు ప్రశ్న, దీని రంగు మార్చుట యెట్లు అని. రంగు తరువాతి మాట. తెలుగు పుటకు మొదట చూడవలసినది వేరొకటి కలదు. ఆ పెట్టె ఆంగ్లాక్షరముల కొలతకు కుట్టిన చొక్కాతో వచ్చును. దానిలో మన వత్తులు పట్టవు.

ఆంగ్లాక్షరములు ఒక గీతమీద నిలుచును. కొన్ని యక్షరముల తోకలు మాత్రము గీతక్రిందికి కొంచెము వ్రేలాడును. మన అక్షరము అట్టిది గాదు. పైన తలకట్టో గుడియో ఏత్వమో యుండును. నడుమ అక్షరపు శరీరముండును. క్రింద వత్తు, ఒక్కొక్కప్పుడు రెండు వత్తులుండును. స్త్రీ, రాష్ట్రము, సామర్థ్యము అను మాటలను వ్రాసి చూచిన బాలురకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. ఆంగ్లమునకు పదునారు చుక్కల అక్షరమును ఇరువది చుక్కల పంక్తిలో నుంచిన చాలును. (తెరమీది కొలతకు పిక్సెలని పేరు, దానినే ఇక్కడ చుక్క యనుచున్నాను.) అదే ఇరువది చుక్కల పంక్తిలో తెలుగును పెట్టినచో వత్తు క్రింది పంక్తి గుడిని తాకును. పెట్టెవారు హద్దు దాటినదానిని కత్తిరింపుమని శాసించి యుండినచో వత్తు తెగిపోవును.

తెగిన వత్తు ఆంగ్లాక్షరపు తోక తెగినట్టిది గాదు. తోక తెగినను ఆంగ్లమును ఊహించి చదువుకొనవచ్చును. వత్తు తెగినచో మాటయే మారును. అమ్మ అమ యగును. అన్నము అనము, అత్త అత, తప్పు తపు అగును. మన ఊళ్ల గతి చూడుడు: పట్టిసీమ పటిసీమ యగును, ధవళేశ్వరము ధవళేశరమగును, రాజమహేంద్రవరము రాజమహేందవరమై నిలుచును. అమలాపురము, ఏలూరు, కాకినాడ, తణుకు అను నూళ్లకు వత్తులు లేవు గావున అవి బ్రదికిపోవును. కోనసీమనుండి కువైటునకు పోయి అక్కడ పనిచేసికొనుచున్న తల్లి ఒకతె, బడిలో చదువుచున్న తన బిడ్డ వ్యాసమును ఫోనులో చూచి, దానిక్రింద నాలుగు మాటలు వ్రాసెననుకొందము. ఆమెకు ఆంగ్లము రాదు; వ్రాసినది తెలుగే. ఆ నాలుగు మాటలలో సగము వత్తులు తెగిపడినచో, చూచువారు పెట్టెను నిందింపరు, ఆ తల్లికి వ్రాత రాదందురు. ఈ విషయమును నేనింత పట్టుగ చెప్పుటకు కారణమిదియే.

అచ్చుపనివారికి ఈ చిక్కు క్రొత్తది గాదు. 1746, 1747 సంవత్సరములలో షుల్జి పాదిరిగారు జర్మనీలోని హాలె పట్టణమున తెలుగును అచ్చు వేయించినప్పుడును, శ్రీరాంపురమున 1814లో కేరీగారి తెలుగు వ్యాకరణము వెలువడినప్పుడును, తెలుగునకు తగిన అచ్చులను వేరుగ సిద్ధము చేయించుకొనవలసి వచ్చెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని ప్రారంభించు నాటికి మన అచ్చుకూటములలో ఈ పని కుదుటబడి యుండెను. సీసపు అచ్చులు కూర్చు కంపోజిటరు పంక్తికిని పంక్తికిని నడుమ పలుచని సీసపు బద్దలు పెట్టి ఎడము కల్పించును. ఆ ఎడమునకే నేటి తెరమీద లైన్-హైట్ అని పేరు. సీసమునకు బదులు సంఖ్య వచ్చినది. తక్కిన దంతయు పాతదే.

మరియొక మర్యాదను గూడ మన పుస్తకములు మనకు నేర్పియున్నవి. సటీకమైన కావ్యమును తెరచి చూడుడు. పద్యము పెద్దయక్షరములలో నుండును; దానిక్రింద టీకాతాత్పర్యములు చిన్నయక్షరములలో నుండును. రెండును ఒకే అచ్చుజాతికి చెందినట్లే కనబడును గాని, ఏది మూలము ఏది వ్యాఖ్య యని ఎవ్వరును పొరబడరు. చదువరుల మాటలకు అభిప్రాయపు పెట్టెలో ఈయవలసిన రూపము ఇట్టిదే. వ్యాసమున కున్న అక్షరజాతినే వాడి, పరిమాణమును ఒక మెట్టు తగ్గింపవలెను. అయితే పద్యపు టీకను తగ్గించినంతగా ఇక్కడ తగ్గింపరాదు. చిన్న ఫోనుతెరమీద పదునారు చుక్కలకు తక్కువైన తెలుగును ముసలివారు చదువలేరు.

ఇక మార్చుట యెట్లు? పుటయొక్క రూపమును నిర్ణయించు నియమములను వేరొక పత్రములో వ్రాయుదురు. దానిని స్టైల్‌షీటందురు, అందలి భాషకు సి.ఎస్.ఎస్. అని పేరు. నార్వే దేశీయుడైన హోకన్ వియుం లీ దీనిని 1994లో ప్రతిపాదించెను. బెర్ట్ బోస్ అను నాతనితో కలిసి తీర్చిదిద్దగా, దాని మొదటి ప్రమాణము 1996 డిసెంబరులో వెలువడినది. పేరులోని మొదటి యక్షరమునకు పైనుండి క్రిందికి జారుట యని భావము. డెల్టాలో పుట్టినవారికి దీనిని కాలువలతో చెప్పుట సులువు. ధవళేశ్వరము ఆనకట్టవద్ద కాలువలోనికి వదలిన నీరు పెద్దకాలువనుండి పిల్లకాలువకు, అచ్చటినుండి బోదెకు, బోదెనుండి చేనికి పోవును గదా. అట్లే పుటకంతకును అక్షరజాతి యిదియని, పంక్తుల ఎడమింతయని పైన ఒకచోట వ్రాసినచో, ఆ నియమము లోపలి భాగములకు దానంతట అదియే పారును. అన్ని నియమములును పారవు. అక్షరజాతి, అక్షరపు రంగు, పంక్తుల ఎడము పారును. చుట్టుగీత, అంచుల ఎడము పారవు, వానిని ఎక్కడి కక్కడ వ్రాయవలసినదే.

తెచ్చిపెట్టుకొనిన పెట్టెలోనికి మన నీరు పారునా యనునదే ప్రశ్న. దీనినిబట్టి పెట్టెలు మూడు తెరగులు.

మొదటిది తెరచిన కాలువ. ఇస్సో ఈ తెరగునది. అది వచ్చి మన పుటలోనే ఒక భాగమై కూర్చుండును; మన నియమములు దానిలోనికి పారును. అయినను అది తన నియమములను కొన్నింటిని వెంట తెచ్చుకొనును. రెండింటికి తగవు వచ్చినచోట, ఏ నియమము ఎక్కువ నిర్దిష్టముగ చెప్పునో అదియే నెగ్గును. కావున మన నియమమునకు ముందు ఆ పెట్టెయొక్క పేరును చేర్చి, ఈ పెట్టెలోని ఈ భాగమునకు అని స్పష్టముగ వ్రాసిన చాలును. అది తెచ్చుకొనిన నియమములు వలదనుకొన్నచో, పొదుగు సంకేతములోనే వానిని రావద్దని చెప్పుటకు గూడ ఏర్పాటు కలదు; అప్పుడు సమస్తమును మనమే వ్రాసికొనవలెను. తొందరపడువారు ప్రతి నియమమువెంటను ఇది ముఖ్యమను ముద్ర వేసి పని గడుపుకొందురు. అది ఇంటిలో అందరును ఒక్కమారే అరచినట్లుండును. నెల గడచునప్పటికి ఎవరి మాట ఎందుకు నెగ్గినదో వ్రాసినవారికే తెలియదు.

ఇక్కడ ఒక బోదె మాత్రము అలవాటుగా పూడియుండును. చదువరి మాటలు వ్రాయు గడికిని, నొక్కు మీటకును బ్రౌజరు తన సొంత అక్షరములను ఇచ్చును. పై నియమము వానికి పారదు. అందువలన అచ్చయిన అభిప్రాయము చక్కగ కనబడుచు, వ్రాయుచున్నప్పుడు మాత్రము అక్షరములు వేరుగ కనబడును. ఆ గడికిని మీటకును, పైనుండి వచ్చినదానిని గ్రహింపుమను అర్థమిచ్చు ఇన్‌హెరిట్ అను మాటను ప్రత్యేకముగ వ్రాయవలెను.

రెండవది లాకు మూసిన కాలువ. డిస్కస్, గిస్కస్ ఈ తెరగువి. ఇవి ఐఫ్రేము అను చట్రములో వచ్చును. ఆ చట్రములోనిది వేరొక పుట. మన పుటలో ఒక కిటికీ తెరచి దానిని చూపుచున్నాము, అంతే. కిటికీ వెడల్పు మనది, లోపలి గది వారిది. మన నియమమొక్కటియు లోనికి పోదు. ఇది పెట్టెవారి గర్వమువలన వచ్చినది గాదు. ఆ గదిలో చదువరి తన ఖాతాతో ప్రవేశించి యుండును. పుటను నడుపువారు ఆ గదిలోనికి తొంగిచూడకుండుటకే బ్రౌజరు ఆ లాకును వేసినది. వారు మనలోనికి రాకుండుటకును అదియే కావలి. కావున లాకును పగులగొట్టు యుక్తులను వెదకువారు తమ కాలమును వ్యర్థపుచ్చుకొందురు.

లాకు మూసినను, లాకుమనిషితో మాటలాడవచ్చును. డిస్కస్ మన పుటయొక్క నేల లేతదో ముదురుదో, అక్షరములు కాళ్లున్నవో లేనివో చూచి, దానికి తగిన వేషమును తానే వేసికొనును. అంతకుమించి పంక్తుల ఎడమును మార్చుటకు మనకు అధికారము లేదు. గిస్కస్ ఇంకను ఉదారమైనది: మీ స్టైల్‌షీటు ఉన్న చిరునామా నిచ్చినచో దానిని లోపలికి తీసికొనిపోయి ధరించును. అయితే మన పుటలో ముందే చేర్చియున్న తెలుగు ఫాంటు ఆ గదికి తెలియదు. ఫాంటుండు చోటును ఆ పత్రములో మరల వ్రాయవలెను. అది చాలదు, ఆ ఫాంటును భద్రపరచిన సర్వరు, పరుల పుట అడిగినను ఈయవచ్చునని అనుమతి తెలుపుచుండవలెను. అనుమతి లేనియెడల బ్రౌజరు ఫాంటును నిరాకరించి, చదువరి యంత్రములో నేది యున్నదో దానితో పని గడుపును. ఇక్కడ చిక్కుకొనినవారు అనేకులు కలరు. పత్రము సరిగనే యున్నది, అక్షరములు మాత్రము మారవేమని ఆశ్చర్యపడుదురు.

మూడవది లాకు మూసియుండి గట్టులో తూము విడిచినది. క్రొత్తగా చేయబడుచున్న పెట్టెలు కొన్ని ఈ తెరగున నుండును. లోపలి భాగములకు మన నియమములు నేరుగ తగులవు. కాని పెట్టెవారు కొన్ని గుణములకు పేర్లు పెట్టి, రంగు ఇది, అక్షరజాతి ఇది, ఎడము ఇది యని బయటనుండి విలువలు పంపుటకు వీలు కల్పింతురు. తూము ఎంత వెడల్పో నీరంతయే పారును. పెట్టెను ఎన్నుకొనునప్పుడే, పంక్తుల ఎడమునకు తూమున్నదా యని వారి సూచికలో చూచుకొనుట మేలు. రంగులకు పదునారు తూములుంచి ఎడమునకు ఒక్కటియు నుంచనివారు కలరు.

యంత్రములో నున్న ఫాంటు అంటిమి గదా. దానిని గూర్చి కొంచెము చెప్పవలెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ యంత్రములలో తెలుగునకు ఇచ్చిన ఫాంటు పేరు గౌతమి. యానామును ఒరసికొని పోవు మన గోదావరి పాయ పేరు ప్రపంచమంతటి యంత్రములలో చేరుట చూచి నేను చాల సంతసించితిని. తరువాత విండోస్ 7లో వాణి, 2012 నాటి విండోస్ 8లో నిర్మల వచ్చినవి. ఆండ్రాయిడు ఫోనులలో నోటో తెలుగును, ఆపిల్ వారి యంత్రములలో కోహినూర్ తెలుగు మున్నగునవియు నుండును. ఒకే అభిప్రాయము ఒక్కొక్క యంత్రముమీద ఒక్కొక్క ఎత్తున నిలుచుటకు ఇదియే కారణము. మీ బల్లమీద సరిపోయిన ఎడము పొరుగువారి ఫోనులో సరిపోకపోవచ్చును.

ఉచితముగ లభించు తెలుగు ఫాంటులు ఇప్పుడు కొదువ లేదు. మండలి, ధూర్జటి, పెద్దన, తెనాలి రామకృష్ణ అను పేళ్లతో కొన్ని, హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు అను పేళ్లతో కొన్ని గూగుల్ ఫాంట్స్ అను భాండారములో గలవు. గిడుగు అను పేరుతో గూడ ఒకటి కలదు. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన రామమూర్తి పంతులుగారి ఇంటిపేరది. ఈ వ్యాసమువంటి గ్రాంథికమును ఆ యక్షరములలో కూర్చినచో పంతులుగారు ఏమందురో యని నవ్వు వచ్చుచున్నది. వీనిలో కొన్ని శీర్షికలకు తగినవి, కొన్ని వాక్యములకు తగినవి. చదువరుల అభిప్రాయములకు నోటో గాని మండలి గాని వంటి సాదా అక్షరములే నాకు నచ్చును. అలంకారపు అక్షరములలో ఎవరైన సంతాపవాక్యము వ్రాసినప్పుడు అది పెండ్లిపత్రికవలె కనబడును.

ఎడమునకు ఎంత సంఖ్య వేయవలెను? ఆంగ్లమునకు 1.4 చాలును. తెలుగునకు 1.7 మొదలిడి చూడుమని చెప్పుదును. రెండు వత్తులున్న మాటలు తరచుగ వచ్చుచోట 1.8 చేయవచ్చును. ఈ సంఖ్యను చుక్కలలో గాక ఊరక సంఖ్యగనే వ్రాయవలెను. ఊరక సంఖ్య యనగా అక్షరపు పరిమాణమునకు ఇన్ని రెట్లని యర్థము; అక్షరము పెరిగినచో ఎడమును పెరుగును. ముప్పది చుక్కలని స్థిరముగ వ్రాసితిమేని, చూపు తక్కువైనవారు అక్షరమును పెద్దది చేసికొనగానే పంక్తులు ఒకదానిమీద ఒకటి యెక్కును. మీటలకును ఎత్తును స్థిరపరుపరాదు. ఆంగ్లమున ఐదక్షరముల రిప్లై అను మాటకు కొలిచి చేసిన మీటలో ప్రత్యుత్తరము అను మాట నిడివికిని పట్టదు, లోతుకును పట్టదు. వెడల్పును లోపలి మాటకే విడిచి, చుట్టును కొంచెము చోటు వదలిన చాలును.

ఆంగ్లపు అలవాట్లు మరికొన్ని పెట్టెతో కూడ వచ్చును. పేర్లను పెద్దబడి అక్షరములలోనికి మార్చు నియమము మనకు పనికిరాదు గాని చెరుపును చేయదు, ఏలయనగా మనకు పెద్దబడి లేదు. వాలుటక్షరముల నియమము మాత్రము చెరుపు చేయును. తెలుగున వాలుటక్షరములు పుట్టలేదు. ఫాంటులో అవి లేకున్నను బ్రౌజరు నిలువక్షరమునే ప్రక్కకు త్రోసి వాలించును. గుడులు ఒక వంకకు, వత్తులు మరియొక వంకకు పోవును. ముద్దక్షరము లేని ఫాంటును బలవంతముగ ముద్దచేసినను, ఘ, ఝ వంటి అక్షరముల కడుపులు పూడిపోవును. ఈ రెంటిని మాన్పుటకు ఫాంట్-సింథసిస్ అను గుణమునకు వలదను విలువ నీయవచ్చును. అక్షరములమధ్య ఎడము పెంచు నియమమును గూడ తీసివేయవలెను.

తెలుగు వ్రాతకు ఇది తెలుగని గుర్తు పెట్టుట మరువరాదు. పుటలో భాషాసూచకమును తెలుగునకు నిర్ణయించినచో, పై నియమములన్నియు తెలుగు మాటలకే వర్తించునట్లు వ్రాయవచ్చును. ఆంగ్లమున వ్రాయు పూర్వవిద్యార్థుల మాటలు అనవసరముగ ఎడమై కనబడవు. చూపు లేనివారికి పుటను బిగ్గరగ చదివి వినిపించు యంత్రము గూడ ఆ గుర్తును చూచియే తెలుగు ఉచ్చారణమును ఎన్నుకొనును.

రంగుమాట ఇప్పుడు చెప్పవచ్చును. అక్షరమునకును నేలకును వెలుగులో కనీసము నాలుగున్నర రెట్ల భేదముండవలెనని అంతర్జాల ప్రమాణములవారు విధించియున్నారు. లేతబూడిద రంగులో అభిప్రాయములు చూపుట నేటి మోజు. మన వత్తులు సన్ననివి, ఆ రంగులో అవి మొదట మాయమగును.

దూరదేశములలో చేయబడిన పనిముట్టు తెలుగును తలపోయక చేయబడినప్పుడు ఎంత దూరము పోవునో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచినది. జ్ఞ అను అక్షరము చేరిన ఒక కూర్పు సందేశములో వచ్చినంతనే ఆపిల్ వారి ఫోనులు దానిని చిత్రింపలేక ఆ సందేశపు పనిముట్టును మూసివేయుచుండెను. అదే నెలలో వారు దిద్దుబాటును పంపిరి. జ్ఞానము అను మాటలోని అక్షరమే వానికి పెనుభారమైనదని అప్పుడు మన పిల్లలు హాస్యమాడుకొనిరి.

పెట్టెను సరిచేసితిమని తలచినప్పుడు పరీక్షింపవలసిన విధము చెప్పెదను. వ్రాయు గడిలో వరుసగా ధవళేశ్వరము, పట్టిసీమ, రాజమహేంద్రవరము, రాష్ట్రము, స్త్రీ, సామర్థ్యము, కొల్లేరు అను మాటలను నాలుగైదు పంక్తులు నిండునంతవరకు వ్రాయుడు. మొదట వ్రాయుచున్నప్పుడు చూడుడు. తరువాత అచ్చయిన పిదప చూడుడు. పేరు చూపుచోట గూడ ఒక వత్తున్న పేరు పెట్టి చూడుడు, ఏలయనగా హద్దు దాటినదానిని కత్తిరించు నియమము ఎక్కువగ అక్కడనే యుండును. అటుపై అక్షరమును రెండింతలు చేసి చూడుడు. చివరకు ఇంటిలో నున్న అన్నిటికంటె చౌకయైన ఫోనులో, నాయనమ్మ చేతికిచ్చి చదివింపుడు. ఆమె ఎక్కడ ఆగునో అక్కడ ఎడము చాలలేదు. అప్పటికిని వత్తు తెగుచున్నచో, లాకు లోపలినుండియే తెగుచున్నదని గ్రహించి, పెట్టెను చేసినవారికి వ్రాయవలెను. ఇస్సో, గిస్కస్ అనువాని మూలసంకేతము అందరికిని తెరచియుంచబడినది గావున, ఉత్తరముతో కూడ సవరించిన పంక్తిని గూడ పంపవచ్చును. తెగిన మాటయొక్క బొమ్మను జతపరచి, ఆ మాటకు అర్థమేమో, వత్తు లేనిచో అది ఏమగునో రెండు వాక్యములలో వివరింపుడు. తెలుగు రానివారికి ఆ బొమ్మలో తప్పెక్కడనో కనబడదు.